తెరచిన కిటికీయే కొలబద్ద
సబైన్ శబ్దశాస్త్ర వ్యాసములు – ఇంటి స్టూడియోలోని స్పాంజి పలకలు

పాటలను, పాఠములను ఇంటిలోనే రికార్డు చేసికొనుట నేడు సామాన్యమైనది. ఒక గది, ఒక మైకు, ఒక కంప్యూటరు ఉన్నచో చాలును. కాని రికార్డు చేసిన మాటను తిరిగి వినినప్పుడు అది బావిలోనుండి పలికినట్లు తోచును. నోటినుండి నేరుగా వచ్చిన మాటతోపాటు గోడలను తాకి వచ్చిన మాటకూడ మైకులో చేరుటయే దీనికి కారణము. దీనికి విరుగుడుగా బజారులో స్పాంజి పలకలు అమ్ముచున్నారు. త్రికోణపు గట్లుగానో, ఎగుడుదిగుడు గుంటలుగానో కోసిన ఈ పలకలను గోడలనిండ అంటించినచో గది “సౌండ్ ప్రూఫ్” అగునని చాలమంది నమ్ముచున్నారు.

ఈ నమ్మకములో నిజమెంత? పలకలు ఏ పని చేయును, ఏ పని చేయలేవు? ఎన్ని కావలెను? ఈ ప్రశ్నలకు సమాధానము నూరేండ్లు దాటిన ఒక గ్రంథములో కలదు. అది అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు వాలెస్ క్లెమెంట్ సబైన్ రచించిన శబ్దశాస్త్ర వ్యాసముల సంపుటి. 1919లో సబైన్ మరణించిన తరువాత, 1922లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము దీనిని ప్రకటించెను. 1964లో ఇది పునర్ముద్రితమైనది. ఈ గ్రంథము రచించునాటికి స్పాంజి పలకలు లేవు. ఆ పలకలకు మూలపదార్థమైన పాలీయురితేను జర్మనీలో 1937లో మాత్రమే పుట్టినది. అయినను పలకలు కొనబోవువారికి ఇంతకంటె మంచి ఉపదేశము దొరకుట కష్టము. ఐతే దానిని ఎంతవరకు నమ్మవలెనో, ఎక్కడ సవరించుకొనవలెనో తెలిసి చదువుట అవసరము.

ప్రతిధ్వని కాదు, ప్రతినాదము

మొదట పేరును సరిచూడవలెను. ఇంటి గదిలో వినిపించు దోషమును లోకులు ప్రతిధ్వని అందురు. ప్రతిధ్వని అసలు ధ్వనినుండి విడిగా వినబడవలెనన్నచో రెంటికిని నడుమ సుమారు సెకండులో పదవవంతు కాలము గడువవలెనని పాఠ్యపుస్తకములు చెప్పును. అందుకు గోడ సుమారు 17 మీటర్ల దూరముననుండవలెను. 3 మీటర్ల దూరములోని గోడనుండి ధ్వని సెకండులో అరువదవవంతుకంటె కొంచెమెక్కువ కాలములోనే తిరిగివచ్చును. దానిని చెవి విడదీయలేదు. ఇట్లు గోడలు, కప్పు, నేల అనేక పర్యాయములు త్రిప్పికొట్టిన ధ్వనులన్నియు కలిసి, అసలు ధ్వని ఆగినపిదపకూడ కొంతసేపు నిలిచియుండుటయే ప్రతినాదము. సబైన్ కృషి ముఖ్యముగా దీనిని గూర్చినదే.

1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయమున ఫాగ్ కళాప్రదర్శనశాల కొత్తగా తెరువబడెను. అందలి ఉపన్యాస మందిరములో పలికిన మాట సుమారు ఐదున్నర సెకండ్లు నిలిచియుండెడిది. ఉపన్యాసకుడు ఒక వాక్యము ముగించునప్పటికి దాని మొదటి పదము ఇంకను గదిలో తిరుగుచుండెడిది. దీనిని బాగుచేయు భారము విశ్వవిద్యాలయాధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ 27 ఏండ్ల సబైన్‌పై ఉంచెను.

సబైన్ వాడిన పరికరములు స్వల్పములు: సెకండుకు 512 కంపనములు చేయు ఒక ఆర్గన్ గొట్టము, కాలమును నమోదుచేయు ఒక యంత్రము, తన చెవి. వీధులు సద్దుమణిగిన రాత్రివేళలందు ఆయన పనిచేసెను. సమీపమున నున్న శాండర్స్ నాటకశాలలోని ఆసనపు మెత్తలను మోయించి తెచ్చి, కొన్నికొన్నిగా మందిరములో పరచి, ధ్వని వినబడకుండ పోవుటకు పట్టు కాలమును ప్రతిసారియు కొలిచెను. తెల్లవారునప్పటికి మెత్తలు మరల నాటకశాలకు చేరవలెను. మెత్తలన్నియు తెచ్చి పరచినప్పుడు ఐదున్నర సెకండ్లు ఒక సెకండుకు కొంచెము మించిన కాలమునకు తగ్గినవి. తాను ధరించిన దుస్తుల భేదముకూడ ఫలితమును మార్చునని గ్రహించి, ఆపై పరిశీలనలన్నిటికిని ఒకే దుస్తులు ధరించెనని ప్రసిద్ధి. విద్యార్థులు ఈ గ్రంథమునుండి మొట్టమొదట నేర్చుకొనదగినది ఈ శ్రద్ధయే. పరికరము చిన్నదైనను పరిశీలన నమ్మదగినదిగా నుండవచ్చునని ఇది నిరూపించుచున్నది.

కిటికీ కొలమానము

ఏ వస్తువు ఎంత ధ్వనిని పీల్చుకొనునో చెప్పుటకు ఒక ప్రమాణము కావలెను. మెత్తలు ఒక్కొక్క నాటకశాలలో ఒక్కొక్క విధముగా నుండును కనుక అవి ప్రమాణములు కాజాలవు. సబైన్ తెరచిన కిటికీని ఎన్నుకొనెను. తెరచిన కిటికీపై పడిన ధ్వని యంతయు వెలుపలికి పోవును, తిరిగి రాదు. అందుచే దాని శోషణ గుణకము సరిగా 1. మిగిలిన వస్తువులన్నియు దీనిలో భిన్నములు. ఆయన పట్టికలో కిటికీ అద్దము 0.027, సిమెంటుతో కట్టిన ఇటుకగోడ 0.025, తివాచీలు 0.20. గుంపుగా కూర్చున్న శ్రోతలలో ఒక్కొక్కరు 0.44 చదరపు మీటరు తెరచిన కిటికీతో సమానము.

1898లో ఈ కొలతలనుండి ఒక సూత్రము తేలెను. మెత్తల పరిమాణమును, ప్రతినాద కాలమును గ్రాఫుపై గుర్తించగా వచ్చిన వక్రరేఖ అతిపరావలయము. అనగా గదిలోని మొత్తము శోషణను కాలముచే గుణించినచో వచ్చు లబ్ధము మారదు. నేటి పాఠ్యగ్రంథములలో ఆ సూత్రము ఇట్లున్నది:

ప్రతినాద కాలము (సెకండ్లు) = 0.161 × గది ఘనపరిమాణము (ఘనపు మీటర్లు) ÷ మొత్తము శోషణ (చదరపు మీటర్ల తెరచిన కిటికీ)

ఇచ్చట ప్రతినాద కాలమనగా ధ్వని తీవ్రత మొదటిదానిలో పదిలక్షలవ వంతునకు తగ్గుటకు పట్టు కాలము.

ఈ సూత్రమును ఇంటి స్టూడియోకు అన్వయించి చూడవచ్చును. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల ఖాళీ గదిని తీసికొనుడు. దాని ఘనపరిమాణము 36 ఘనపు మీటర్లు. గోడలు, నేల, కప్పు కలిసి 66 చదరపు మీటర్లు. గచ్చు, సున్నము, చలువరాయి – వీని సగటు గుణకము 0.04 అనుకొన్నచో మొత్తము శోషణ 2.64, ప్రతినాద కాలము సుమారు 2.2 సెకండ్లు. ఇప్పుడు 0.7 గుణకము గల స్పాంజి పలకలను 6 చదరపు మీటర్ల మేర గోడకు అంటింపుడు. మొత్తము శోషణ 6.6 అగును, కాలము 0.88 సెకండుకు దిగును. ఇంకొక 6 చదరపు మీటర్లు అంటించినచో కాలము 0.55 సెకండు.

మొదటి 6 చదరపు మీటర్లకు పెట్టిన డబ్బు 1.3 సెకండ్లను తగ్గించెను. అంతే డబ్బు రెండవసారి 0.33 సెకండును మాత్రమే తగ్గించెను. గోడలనిండ పలకలు అంటించువారు ఈ లెక్క వేయరు. అతిపరావలయపు ఆకారము తెలిసినవారు కొంత అంటించి, విని, ఆగుదురు.

పీల్చుట వేరు, ఆపుట వేరు

తెరచిన కిటికీ కొలమానములో ఇంకొక పాఠము దాగియున్నది. ధ్వనిని పీల్చుటలో తెరచిన కిటికీని మించినది లేదు. కాని వీధిలోని బస్సు హారను, ప్రక్కింటి మిక్సీ మోత గదిలోనికి రాకుండ ఆపుటలో దానికంటె పనికిమాలినదియు లేదు! కనుక గదిలోపలి ధ్వనిని తిరిగిరాకుండ చేయుట ఒక పని, బయటి ధ్వనిని లోనికి రానీయకుండుట మరియొక పని. మొదటిదానికి గాలి చొరబడు సన్నని రంధ్రములు గల మెత్తని పదార్థము కావలెను. రంధ్రములలో కదలాడు గాలి, వాని గోడలతో ఒరసికొని, ధ్వనిశక్తిని వేడిగా మార్చును. రెండవదానికి బరువైన గోడ, సందులు లేని తలుపు కావలెను. స్పాంజి తేలికయైనది, దానినిండ రంధ్రములే. కనుక అది మొదటి పని చక్కగా చేయును. రెండవ పని దాదాపు చేయదు.

సబైన్ ఈ రెంటిని ఏనాడును కలుపలేదు. ఒక గదినుండి మరియొక గదికి పోవు ధ్వనిని గూర్చి 1915లో ఆయన ప్రత్యేకముగా ఒక వ్యాసము వ్రాసెను. అదియు ఈ సంపుటిలో కలదు. గ్రంథకర్త నూరేండ్లక్రిందట వేరుచేసి చూపిన రెండు విషయములను నేటి ప్రకటనలు “సౌండ్ ప్రూఫ్” అను ఒకే మాటలో కలుపుట విచారకరము. గోడలనిండ పలకలు అంటించిన పిమ్మటకూడ వీధిమోత వినబడుచున్నదని వాపోవువారు పలకలను గాక, ఆ మాటను తప్పుపట్టవలెను. కోడిగుడ్ల అట్టలను గోడకు అంటించువారి సంగతియు ఇంతే. ఆ అట్ట పలుచన, దానిలో గాలికి చొరబాటు తక్కువ. ఆకారము స్టూడియో పలకను పోలినంతమాత్రమున గుణము రాదు.

మంద్రస్వరముల చిక్కు

సబైన్ మొదటి కొలతలన్నియు 512 కంపనముల స్వరముతో చేసినవి. ఇది చాలదని విమర్శకులకంటె ముందు ఆయనయే గుర్తించెను. 1906లో ప్రకటించిన వ్యాసములో 64 మొదలు 4096 వరకు ఏడు స్వరములకు వేర్వేరుగా శోషణను కొలిచి చూపెను. ఒకే వస్తువు హెచ్చు స్వరమును మ్రింగి, మంద్రస్వరమును విడిచిపెట్టవచ్చును. ఫెల్టు పొరల సంఖ్య పెంచినకొలది మంద్రస్వరముల శోషణ పెరుగుననియు ఆయన చూపెను. గ్రంథమంతటిలో స్టూడియో యజమానికి అత్యంత ప్రయోజనకరమైన భాగము ఇదియే.

కారణము తరంగదైర్ఘ్యములో నున్నది. గోడను తాకుచోట గాలి కదలిక ఉండదు. గోడకు పావు తరంగదైర్ఘ్యపు దూరములో అది అత్యధికము. 4000 కంపనముల ధ్వనికి ఆ దూరము సుమారు 2 సెంటీమీటర్లు. 1000 కంపనములకు 8.5 సెంటీమీటర్లు. 125 కంపనములకు 68 సెంటీమీటర్లు! అంగుళము మందముగల పలక హెచ్చు స్వరములకు చక్కగా అడ్డుపడును. మృదంగపు ఎడమవైపు మోతకు, పురుషుల కంఠములోని మంద్రభాగమునకు అది ఉన్నను లేనట్లే. పైన చెప్పిన గదిలోనే 125 కంపనములవద్ద పలక గుణకము 0.1 అనుకొన్నచో, 12 చదరపు మీటర్ల పలకలు అంటించిన పిదపకూడ ప్రతినాద కాలము 1.7 సెకండ్లకు తగ్గదు. 1000 కంపనములవద్ద అదే గదిలో అది 0.55 సెకండు. “స” కారపు పదును పోయి, “బుం” అను మోత మిగులును. గది బాగుపడలేదు, ఒకవైపు ఒరిగినది.

సబైన్ పట్టికలో 2.5 సెంటీమీటర్ల ఫెల్టును గోడకు 8 సెంటీమీటర్లు ఎడముగా నిలిపినప్పటి గుణకము 0.78 అని కలదు. ఆ ఎడము గమనింపదగినది. పలకను గోడకు జిగురుతో అంటించుటకంటె చట్రములో బిగించి ఎడముగా నిలుపుట మేలు; మూలలందు మరింత మందమైన వానిని ఉంచుట ఇంకను మేలు.

ఎంతవరకు తగ్గింపవలెను?

ప్రతినాదము పూర్తిగా పోవుటయే మంచిదా? 1902లో బోస్టన్ నగరపు సంగీత పాఠశాలలో పియానో గదులపై సబైన్ చేసిన పరీక్ష దీనికి జవాబు. అవి పెద్ద మందిరములు కావు, చిన్న గదులు. సంగీతజ్ఞులు వినుచుండగా గదిలోనికి మెత్తలు తెచ్చుచు, తీసివేయుచు, వారు బాగున్నదనిన స్థితిని ఆయన లెక్కించెను. వేర్వేరు గదులలో వారి తీర్పు సుమారు 1.1 సెకండుకు ఎంతో దగ్గరగా వచ్చినది. మెత్తలు ఎక్కువైనప్పుడుకూడ వారు బాగులేదనిరి. అభిరుచికికూడ కొలత కలదని చూపిన ఈ పరీక్ష గ్రంథములోని రమ్యమైన ఘట్టములలో ఒకటి. మాటను రికార్డు చేయుటకు దీనికంటె తక్కువ ప్రతినాదము కావలెను; కాని అక్కడకూడ అతి పనికిరాదు. బొత్తిగా ప్రాణములేని గదిలో పాడువారికి తమ కంఠమే తమకు సరిగా వినిపించక, అవసరమునకు మించి గొంతు పెంచుదురు.

గ్రంథపు హద్దులు

ఇంతటి గ్రంథమునకును హద్దులు కలవు. సబైన్ సూత్రము గదిలో ధ్వని అన్ని దిక్కులకును సమానముగా వ్యాపించియుండునని భావించును. పెద్ద మందిరములలో ఇది చాలవరకు నిజము. చిన్న గదిలో, ముఖ్యముగా మంద్రస్వరములకు, నిజము కాదు. 4 మీటర్ల ఎడములోనున్న రెండు గోడల నడుమ సుమారు 42 కంపనముల ధ్వని, 3 మీటర్ల నడుమ 57 కంపనముల ధ్వని స్థిరతరంగములై నిలుచును. గదిలో ఒకచోట ఆ స్వరము దద్దరిల్లును, రెండడుగులు జరిగినచో మాయమగును. దీనిని “సగటు శోషణ” చెప్పలేదు. ఇంకొక లోపము లెక్కలోనే పట్టుబడును. గది గోడలన్నియు పూర్తిగా ధ్వనిని పీల్చివేయునని అనుకొన్నచో ప్రతినాదము సున్న కావలెను. కాని పై గదికి సూత్రము 0.088 సెకండు చూపును. అత్యధిక శోషణగల గదులకు కార్ల్ ఐరింగ్ 1930లో సవరించిన సూత్రమును ప్రకటించెను.

సబైన్ సలహాపై నిర్మింపబడి 1900 అక్టోబరు 15న తెరువబడిన బోస్టన్ సింఫనీ మందిరము నేటికిని లోకప్రసిద్ధము. నిండు సభతో దానికి ఆయన లెక్కించిన ప్రతినాద కాలము 2.31 సెకండ్లు, తరువాతివారు కొలిచినది సుమారు 1.9. శ్రోతల శోషణను తలలెక్కన కాక, వారు ఆక్రమించు వైశాల్యమునుబట్టి లెక్కింపవలెనని పిమ్మట తేలినది. లెక్క కొంత తప్పినను మందిరము చెడలేదు. లెక్కయే వేయక కట్టిన ఫాగ్ మందిరము చెడినది. శాస్త్రములో ఇంచుక తప్పిన లెక్కకును, లెక్కలేమికిని గల భేదము ఇది.

ఈ గ్రంథము చెప్పనిది, నేడు తప్పక చెప్పవలసినది మరొకటి కలదు. సబైన్ వస్తువులను శబ్దగుణమునుబట్టి మాత్రమే తూచెను, అగ్నిగుణమునుబట్టి తూచలేదు. మామూలు పాలీయురితేను స్పాంజి నిప్పు తగిలినంతనే భగ్గున మండి, కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ సయనైడు వంటి విషవాయువులను వెలువరించును. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని వెస్ట్ వార్విక్‌లో ఒక సంగీతశాల గోడలపై అంటించిన స్పాంజికి బాణసంచా నిప్పురవ్వలు తగిలి 100 మంది మరణించిరి. 2013 జనవరి 27న బ్రెజిల్‌లోని శాంటా మారియాలో ఇట్టి దుర్ఘటనయే 242 మందిని బలిగొన్నది. రెండుచోట్లను ఆ స్పాంజిని అంటించినది ధ్వనిని తగ్గించుటకే. అగ్నినిరోధక పరీక్షలో నెగ్గినట్లు రుజువులేని పలకలను, పరుపుల దుకాణములోని స్పాంజిని గోడలకు అంటింపరాదు. విద్యుత్తు తీగెలు, దీపములు, దీపారాధన గల గదిలో ఈ జాగ్రత్త మరింత అవసరము. రాతిఉన్ని, గాజుఉన్ని పలకలను గుడ్డతో కప్పి వాడుట సురక్షితతరము. అవి అంత సులభముగా మండవు.

పాఠశాలలో

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు సబైన్ ప్రయోగమును తరగతిలో చేయించవచ్చును. ఖాళీ గదిలో రెండు చెక్కముక్కలు కొట్టి ఆ చప్పుడును సెల్‌ఫోనులో రికార్డు చేయుడు. తరువాత రెండేసి బొంతలు, చాపలు తెచ్చి పరచుచు ప్రతిసారియు అట్లే చేయుడు. ధ్వని తగ్గు కాలమును తరంగ చిత్రమునుండి చదివి, బొంతల సంఖ్యకు ఎదురుగా గ్రాఫు గీసినచో అతిపరావలయపు వంపు కన్పించును. చాపకును బొంతకును గల తేడా, బొంతను గోడకు ఆనించుటకును ఎడముగా వ్రేలాడదీయుటకును గల తేడా విద్యార్థులే కనుగొందురు. పలకను ఎక్కడ ఉంచవలెనో తెలిసికొనుటకు అద్దము చాలును. స్పీకరు ఎదుట ఒకరు కూర్చుండగా మరియొకరు ప్రక్కగోడవెంట అద్దమును జరుపవలెను. కూర్చున్నవారికి అద్దములో స్పీకరు కన్పించు చోటనే మొదటి పరావర్తనము కలుగును. మొదటి పలక అక్కడనే ఉండవలెను. కాంతికి చెప్పిన పరావర్తన సూత్రమే ధ్వనికిని వర్తించుననుటకు ఇది సాక్ష్యము.

సబైన్ వ్యాసములు వేర్వేరు పత్రికలకు, వేర్వేరు పాఠకులకు వ్రాసినవి కనుక సంపుటిలో పునరుక్తి కొంత కలదు. పట్టికలలోని వస్తువులు అమెరికా భవనములవి. చలువరాతి నేల, నులకమంచము, తాటాకు కప్పు వానిలో కన్పింపవు. వానిని కొలిచి పట్టిక నింపుట తెలుగునాటి పాఠశాలలకు తగిన పని. స్టూడియో పెట్టబోవువారు మాత్రము దుకాణమునకు పోవుటకు ముందు ఒక కాగితముపై గది కొలతలు వ్రాసి, గోడలు ఎంత పీల్చునో, ఎంత పీల్చవలెనో లెక్కవేసికొని, ఆ పలక ఏ స్వరమును పీల్చును, నిప్పుకు ఎట్లు నిలుచును అని అడిగి, అప్పుడు కొనవలెను.